లెఫ్ట్ 4 డెడ్ 2: మా గేమింగ్ సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఆరు కంప్యూటర్లతో నడిచే మా గేమింగ్ సెంటర్‌లో కొత్త ఆటలు ఎన్ని వచ్చినా, నలుగురు స్నేహితులు కలిసి వచ్చినప్పుడు ఎక్కువసార్లు తెరిచేది ఈ పాత జాంబీ ఆటనే. ఆడే కుర్రాళ్లూ, వాళ్లను వెతుక్కుంటూ వచ్చే తల్లిదండ్రులూ అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుండటంతో, వాటన్నిటికీ జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

అన్నా, ఇది ఊరికే జాంబీలను కాల్చుకుంటూ పోవడమేనా?

చూసేవాళ్లకు అలాగే కనిపిస్తుంది, కానీ ఆడేవాళ్లకు ఇది ప్రధానంగా నలుగురూ విడిపోకుండా ప్రయాణం చేసే ఆట. వాల్వ్ సంస్థ దీనిని 2009 నవంబరులో విడుదల చేసింది. ఒక అంటురోగం సోకి ఊళ్లకు ఊళ్లు ఉన్మాదంలో పడిపోగా, ఆ రోగం అంటని కోచ్, ఎల్లిస్, నిక్, రోషెల్ అనే నలుగురు అమెరికా దక్షిణ ప్రాంతంలోని సవానా నగరం నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా ప్రాణాలు కాపాడుకుంటూ సాగిపోతారు. ఒక్కో ప్రయాణం కొన్ని అధ్యాయాలుగా ఉంటుంది. ఒక సేఫ్ రూమ్‌లో మందులు, తూటాలు తీసుకుని బయలుదేరి, మధ్యలో ఎవరినీ పోగొట్టుకోకుండా తర్వాతి సేఫ్ రూమ్ చేరి ఇనుప తలుపు మూసుకోవాలి. చివరి అధ్యాయంలో చాలాసార్లు పడవో హెలికాప్టరో వచ్చేదాకా ఒకచోట నిలబడి పోరాడాలి. ఆ ఇనుప తలుపు మూసుకున్న క్షణంలో నలుగురూ ఒకేసారి కుర్చీల్లో వెనక్కి వాలడం నేను కొన్ని వందలసార్లు చూశాను. ఈ ఆట ఆకర్షణ ఏమిటని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ దృశ్యమే.

మొదటి భాగం కూడా కొనాలా?

అవసరం లేదు. 2008లో వచ్చిన మొదటి భాగంలోని ప్రయాణాలన్నిటినీ తర్వాత రెండో భాగంలోనే చేర్చారు. 2020 సెప్టెంబరులో అభిమానులు తయారుచేసిన ఇంకో ప్రయాణం కూడా వచ్చి చేరింది. మొత్తం 14 ప్రయాణాలు ఒక్క రెండో భాగంలోనే దొరుకుతాయి.

నా సిస్టమ్ చాలా పాతది. నడుస్తుందా? ఫోన్‌లో ఆడుకోవచ్చా?

ఫోన్‌లో ఈ ఆట లేదు. అదే పేరుతో ఫోన్‌కు ఏదైనా కనిపిస్తే దించుకోకండి. కంప్యూటర్ విషయానికి వస్తే, 2009 నాటి ఆట కాబట్టి 2 జీబీ ర్యామ్, డిస్క్‌లో 13 జీబీ ఖాళీ ఉంటే కనీస స్థాయిలో నడుస్తుంది. అయితే ఆట నడవగలిగినా, దానిని కొని తెరిచే స్టీమ్ ప్రోగ్రాం 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8లకు మద్దతు ఆపేసింది. అందువల్ల ఇంట్లో పాత సిస్టమ్ ఉన్నవాళ్లు గ్రాఫిక్స్ కార్డు గురించి బెంగపడేముందు విండోస్ ఏదో చూసుకోవడం మంచిది.

ఒక్కడినే ఆడుకోవచ్చా?

ఆడుకోవచ్చు. మిగతా ముగ్గురి స్థానంలో కంప్యూటరే ఆడుతుంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. దారులు తెలుసుకోవడానికి, తుపాకులు చేతికి అలవాటు చేసుకోవడానికి అది సరిపోతుంది. కానీ కంప్యూటర్ నడిపే సహచరులు గురి తప్పకుండా కాలుస్తారే గాని బాంబు విసరరు, పథకం వేయరు, భయపడరు. పక్కవాడు కేక వేస్తే మనకు కలిగే కంగారు వాళ్ల వల్ల కలగదు. ఎప్పటికీ ఒంటరిగానే ఆడాలనుకునేవారు దీనికి డబ్బు పెట్టవద్దనే నేను చెబుతాను.

కొన్నాక నచ్చకపోతే డబ్బులు పోయినట్టేనా?

స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. తొందర లేకపోతే వేసవి, శీతాకాలపు సేల్స్ దాకా ఆగండి. ఇది పాత ఆట కాబట్టి అప్పుడు ధర బాగా తగ్గుతుంది.

ఆన్‌లైన్ గేమ్స్ మీద నిషేధం వచ్చిందన్నారు. ఇది కూడా అందులోకి వస్తుందా?

రాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది డబ్బు పణంగా పెట్టి, తిరిగి డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైన్ ఆటలను. ఇందులో పందెం లేదు, గెలిచినవాడికి రూపాయి రాదు.

## మొదటి వారం

నేను అందరికంటే ముందు పరిగెడతాను, అయినా ప్రతిసారీ నేనే చచ్చిపోతున్నాను. ఎందుకు?

ముందు పరిగెత్తడమే దానికి కారణం. ఈ ఆటలో మామూలు రోగులతో పాటు ప్రత్యేకమైనవాళ్లు కొందరుంటారు. హంటర్ మీదికి దూకి నేలకు అదిమిపెడతాడు. స్మోకర్ దూరం నుంచి నాలుకతో చుట్టి లాగేస్తాడు. జాకీ భుజాలెక్కి తనకు కావలసిన వైపు నడిపిస్తాడు. చార్జర్ దూసుకొచ్చి ఎత్తుకుపోయి నేలకేసి బాదుతాడు. ఈ నలుగురిలో ఎవరికి పూర్తిగా చిక్కినా, మీ చేతిలో ఎంత గొప్ప తుపాకీ ఉన్నా మీరేమీ చేయలేరు. పక్కవాడు వచ్చి విడిపించాల్సిందే. పక్కవాడు ముప్పై అడుగుల వెనక ఉంటే మీ పని అయిపోయినట్టే. తయారుచేసినవాళ్లు ఈ నియమాన్ని కావాలనే పెట్టారు, ఆట మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. చేతి వేగం ఉన్నవాడికంటే వెనక్కి తిరిగి చూసేవాడే ఎక్కువ దూరం వెళతాడు. ఇరుకు దారిలో ముందున్నవాడు మోకాళ్ల మీద కూర్చుంటే వెనకవాళ్లు తల మీదుగా కాల్చవచ్చు. మీదికి వచ్చినవాళ్లను మౌస్ కుడి బటన్‌తో తోసేయవచ్చు. పిస్తోలుకు తూటాలు ఎప్పటికీ అయిపోవు.

చీకట్లో ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. ఎవరామె? ఏం చేయాలి?

ఆమెను విచ్ అంటారు. ఏడుపు వినగానే అందరూ చేతిలోని టార్చి ఆర్పాలి, కాల్పులు ఆపాలి, గోడవారగా తప్పుకుని వెళ్లిపోవాలి. ఆమె మీద వెలుతురు పడినా, బాగా దగ్గరికి వెళ్లినా ఏడుపు కాస్తా గుర్రుమనే శబ్దంగా మారుతుంది. అప్పటికైనా వెనక్కి తగ్గితే మళ్లీ ఏడుపులో పడుతుంది. ఇంకా రెచ్చగొడితే లేచి, తనను కదిపినవాడి వెంటే పడుతుంది. అన్నిటికంటే కష్టమైన ఎక్స్‌పర్ట్ స్థాయిలో ఒక్క దెబ్బకే ప్రాణం తీస్తుంది. అప్పటిదాకా సెంటర్ పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తున్న నలుగురు కుర్రాళ్లు ఆ ఏడుపు వినగానే నిజంగానే గుసగుసగా మాట్లాడుకుంటారు. ఆటలోని మనిషికి వాళ్ల మాటలు వినిపించవని తెలిసినా అలాగే చేస్తారు. కాల్చడానికే చేసిన ఆటలో కాల్చకుండా ఉండాల్సిన చోటును ఇంత బాగా అమర్చినవాళ్ల మీద నాకు గొప్ప గౌరవం ఉంది.

హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడొచ్చా?

ఆడవచ్చు గాని సగం సమాచారం పోగొట్టుకుంటారు. స్మోకర్ దగ్గుతాడు, హంటర్ గుర్రుమంటాడు, బూమర్ అనే ఇంకో ప్రత్యేక రోగి కడుపులో గుడగుడలాడుతుంది, జాకీ పిచ్చిగా నవ్వుతాడు. గుంపు వచ్చేముందు, ట్యాంక్ అనే మహాకాయుడు వచ్చేముందు సంగీతం మారుతుంది. కంటికి కనబడకముందే చెవికి తెలుస్తుంది కాబట్టి, పాతవాళ్లు గది తలుపు తీయకముందే లోపల ఎవరున్నారో చెప్పేస్తారు.

నేను కాల్చిన తూటాలు మావాడికే తగులుతున్నాయి, వాడు తిడుతున్నాడు. ఇది ఆపేయొచ్చా?

ఈజీ స్థాయిలో సహచరులకు దెబ్బ తగలదు. స్థాయి పెరిగేకొద్దీ ఆ దెబ్బ తీవ్రత పెరుగుతుంది. కాల్పులు మొదలైనప్పుడు సహచరుడి ముందుకు అడ్డంగా దూరకుండా ఉండటం అలవాటు చేసుకుంటే గొడవలు చాలావరకు తగ్గిపోతాయి.

మెడికల్ కిట్ ఒకటే ఉంది. నేను వాడుకోవాలా, పక్కవాడికి వాడాలా?

రెండుసార్లు కిందపడి లేచినవాడికి తెర రంగులు పోయి నలుపు తెలుపుల్లోకి మారుతుంది. ఆ స్థితిలో మూడోసారి పడితే ఇక లేపడం కుదరదు, చనిపోయినట్టే. కిట్ కట్టుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి కుంటుతూ నడుస్తున్నా ఇంకా రంగులు కనిపిస్తున్నవాడు, నలుపు తెలుపుల్లో ఉన్నవాడికి తన కిట్ వాడటం సరైన పని. కిట్ కట్టడానికి కొన్ని సెకన్లు కదలకుండా నిలబడాలి, ఆ సమయంలో మిగతా ఇద్దరూ అటూ ఇటూ కాపలా కాయాలి. ఒకసారి మా సెంటర్‌లో జట్టు కుదరక, పరిచయం లేని ముగ్గురి పక్కన ఒక డిప్లొమా కుర్రాడిని కూర్చోబెట్టాను. అరగంటపాటు పెదవి విప్పనివాడు, పక్క కుర్చీలో అబ్బాయి కుంటుతుండటం చూసి "ఆగు, నా కిట్ కడతా, కదలకు" అన్నాడు. అక్కడి నుంచి వాళ్లు నాలుగేళ్లుగా కలిసే వస్తున్నారు.

కాసేపు ఆడితే కళ్లు తిరుగుతున్నాయి. ఏం చేయాలి?

మొదటివారం కొందరికి అలా అవుతుంది. తెరకు కొంచెం దూరం జరగండి, మౌస్ వేగం తగ్గించండి, గదిలో లైటు వేసి ఉంచండి, వికారం మొదలవగానే లేచి బయట గాలికి నిలబడండి. మెరుపుల వెలుతురుకు మూర్ఛ వచ్చే స్వభావం ఉన్నవారు మాత్రం ఇటువంటి ఆటలకు దూరంగా ఉండాలి.

## ఆట పట్టుబడ్డాక

అదే దారిలో ఇరవైసార్లు వెళ్లాను. అయినా ప్రతిసారీ కొత్తగా ఉంటోంది. ఎలా?

ఇందులో ఎవరు ఎక్కడి నుంచి వస్తారో ముందే రాసిపెట్టి ఉండదు. ఏఐ డైరెక్టర్ అని పేరుపెట్టిన ఒక వ్యవస్థ, ఆట సాగుతుండగానే నలుగురిలో ఎవరికి ఎంత దెబ్బ తగిలింది, ఎవరి చుట్టూ ఎంతమంది మూగారు అన్నది లెక్కగడుతూ, దానినిబట్టి ఒత్తిడిని పెంచుతుంది. ఒత్తిడి శిఖరానికి చేరాక మాత్రం అది కొత్తవాళ్లను పంపడం ఆపి, కొంతసేపు ఊపిరి పీల్చుకోనిస్తుంది. మందులు, తుపాకులు దొరికే చోట్లు కూడా మారుతుంటాయి. న్యూ ఆర్లియన్స్ ప్రయాణంలోని శ్మశానంలో అయితే నడిచే దారే ఒక్కోసారి ఒక్కోలా తెరుచుకుంటుంది. ఎడతెగకుండా భయపెడితే భయం చచ్చిపోతుందని తెలిసినవాళ్లు కట్టిన ఆట ఇది. బుర్రకథలో ప్రధాన కథకుడు యుద్ధ ఘట్టాన్ని ఎత్తుకుని వినేవాళ్లను ఉర్రూతలూగించాక, పక్కనున్న హాస్యగాడు ఒక మాట వేసి కాస్త సేద తీరుస్తాడు కదా, ఇక్కడ ఆ పని ఒక లెక్క చేస్తోంది. పాతికేళ్లు కూడా లేని మా కుర్రాళ్లు తమ చిన్నతనంలో వచ్చిన ఈ ఆటను ఇప్పటికీ తెరవడానికి మొదటి కారణం ఇదేనని నా నమ్మకం.

కొన్ని వందలమందిని కాల్చాక ఇక ఏమీ అనిపించడం లేదు. నాకొక్కడికేనా?

అందరికీ అలాగే ఉంటుంది, ఈ ఆటకున్న అసలైన పరిమితి అదే. మామూలు రోగులు ఒకటి రెండు తూటాలకే పడిపోతారు, వాళ్లలో ఆలోచన ఉండదు. మొదటి రెండు మూడు గంటలు గగుర్పాటు కలిగించిన గుంపు, పదో గంటకల్లా ఊడ్చేయాల్సిన చెత్తలా కనిపిస్తుంది. తుపాకులు కొన్నే, వాటిని మెరుగుపరచుకునే ఏర్పాటు దాదాపు లేదు. వంద గంటలు ఆడినవాడికీ ఈరోజు మొదలుపెట్టినవాడికీ ఒకే తుపాకీ దొరుకుతుంది. అది న్యాయమే, కానీ ఎదుగుతున్నామన్న తృప్తి కోరేవాడికి ఇందులో ఏమీ మిగలదు. చేతి ఆయుధాల్లో క్రికెట్ బ్యాట్ దొరికినప్పుడు మా సెంటర్‌లో ఇప్పటికీ పండగలా కేకలు పెడతారు, ఆ సంబరం కూడా ఒక అధ్యాయం దాకానే ఉంటుంది.

కాల్చడంలోని కిక్కు తగ్గిన తర్వాత మిగిలేది పక్కనున్న మనుషులు మాత్రమే. ఆ మనుషులు ఉన్నవారు ఏళ్ల తరబడి ఆడతారు, లేనివారు నెలలో వదిలేస్తారు. నా దృష్టిలో ఇద్దరూ సరిగ్గానే చేస్తున్నారు.

వెర్సస్‌లోకి వెళితే కొత్తవాణ్ణని తిట్టి బయటకు తోసేశారు. అందులో ఆడాలా?

వెర్సస్‌లో నలుగురు మనుషులుగా, నలుగురు హంటర్, స్మోకర్ వంటి వేషాల్లో రోగులుగా ఆడి, తర్వాత వైపులు మార్చుకుంటారు. ఆలోచనకు పదును పెట్టేది ఇదే గాని, పదిహేనేళ్లుగా ఆడుతున్నవాళ్లు అక్కడ కూర్చుని ఉంటారు, ఓపిక తక్కువ. తెలిసిన ఎనిమిదిమంది దొరికినప్పుడే ఆడండి.

అసలు ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కథ ఎందుకు చెప్పరు?

ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆట వాళ్లను చచ్చి లేచినవాళ్లు అనదు, రోగం సోకినవాళ్లనే అంటుంది. అంతకుమించిన వివరం తక్కువ. కథ ఉన్నది సేఫ్ రూమ్ గోడల మీద. ముందు అదే దారిలో వెళ్లినవాళ్లు తమవాళ్ల కోసం రాసిన కబుర్లు, వాటి కింద ఇంకెవరో రాసిన జవాబులు, చనిపోయినవారి పేర్లు అక్కడ కనిపిస్తాయి. తూటాలు తీసుకుని పరిగెత్తేవాళ్లకు అవి కనబడవు. ఒక్క ప్రయాణమైనా తొందరపడకుండా, గోడలు చదువుకుంటూ వెళ్లి చూడండి. అయినా సరే, పెద్ద కథ ఆశించి వచ్చేవారికి ఇది తీరని వెలితే.

హార్డ్ రెయిన్ అనే ప్రయాణం బాగుంటుందంటారు. అందులో ఏముంది?

పడవకు ఇంధనం కోసం నలుగురూ ఒడ్డున దిగి, ఒక చిన్న ఊరు, మూతపడిన చక్కెర మిల్లు, తలెత్తు చెరకు తోట దాటి పెట్రోలు బంకు చేరతారు. ఆ తర్వాత తుఫానులో అదే దారిన వెనక్కి రావాలి. వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న నేల వచ్చేటప్పుడు మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. వాన ఉధృతమైనప్పుడు ఎదుటి మనిషి కనబడడు, పక్కవాడి మాట కూడా సరిగ్గా వినిపించదు. చెరకులో ఒకసారి దిగితే పక్కవాడు నాలుగడుగుల దూరంలో ఉన్నా తెలియదు. ఉయ్యూరు వైపు తోటలు చూసిన మా కుర్రాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెలిసిన దారే తెలియనిదిగా మారిపోవడాన్ని ఇంత బాగా చూపిన అధ్యాయాలు నేను మరెక్కడా ఆడలేదు.

అయితే 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి మా ఊళ్లోని సింగ్‌నగర్ మునిగిన తర్వాత, అక్కడి నుంచి వచ్చే ఒక అబ్బాయి ఈ ప్రయాణం మధ్యలో హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, "అన్నా, వేరేది పెడదాం" అన్నాడు. వాళ్లింట్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మిగతా ముగ్గురూ మారు మాట్లాడకుండా వేరే ప్రయాణం తెరిచారు. 2005లో కత్రినా తుఫానుకు దెబ్బతిన్న న్యూ ఆర్లియన్స్‌ను ఇలాంటి ఆటకు రంగస్థలం చేయడం మీద 2009లో విమర్శలు వచ్చాయి. అప్పట్లో అవి నాకు అతిగా అనిపించాయి. ఆ అబ్బాయిని చూశాక అలా అనుకోవడం మానేశాను. మీ జట్టులో ఎవరికైనా నీటి భయం ఉంటే ముందే అడిగి మొదలుపెట్టండి.

తెలుగులో ఉందా?

లేదు. మాటలు ఇంగ్లీషులో, వేగంగా ఉంటాయి. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే అలవాటవుతుంది.

## తల్లిదండ్రులు అడిగేవి

మా వాడికి పన్నెండేళ్లు. ఆడనివ్వవచ్చా?

వద్దండీ. ఇందులో రక్తం, తెగిపడే అవయవాలు విపరీతంగా ఉంటాయి. అమెరికాలో దీనికి 17 ఏళ్లు నిండినవారికి అన్న గుర్తు, యూరప్‌లో 18 అన్న గుర్తు వేశారు. ఆస్ట్రేలియా 2009లో అసలు అనుమతే నిరాకరించి, కొన్ని దృశ్యాలు తీసేశాకే అమ్మనిచ్చింది. పెద్దలకు మాత్రమే అన్న విభాగం వచ్చాక, 2014లో పూర్తి ఆటకు అనుమతి ఇచ్చింది. మన దగ్గర సినిమాకు ఉన్నట్టు వీడియో గేమ్‌కు సెన్సార్ ధ్రువపత్రం లేదు కాబట్టి ఆ బాధ్యత ఇంట్లోవాళ్ల మీద, మాలాంటి సెంటర్లు నడిపేవాళ్ల మీదా పడుతుంది. మా దగ్గర స్కూలు పిల్లలకు ఈ ఆట తెరవము. వాళ్ల కోసం కార్ల ఆటలు, ఫుట్‌బాల్ ఉన్నాయి.

కాల్చుడు ఆటలు ఆడితే పిల్లలు నిజంగానే హింసకు దిగుతారా?

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చేసిన తీర్మానంలో, హింసాత్మక ఆటలకూ నిజజీవితంలోని హింసకూ సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలు లేవని చెప్పింది. అయితే అరవడం, తోయడం వంటి దుడుకుతనంతో చిన్నపాటి సంబంధం ఉందని కూడా అదే తీర్మానం చెప్పింది. నేను చూసినంతలో కుర్రాళ్ల దుడుకుతనం జాంబీల వల్ల కాక, ఓడిపోయినప్పుడు తప్పు ఎవరిదన్న వాదన వల్ల పెరుగుతుంది. ఇంట్లో గట్టిగా అరుస్తున్నాడంటే ఆట ఆపించి మాట్లాడవలసిందే.

ఇంటర్ చదువుతున్నాడు. ఎంతసేపు ఆడితే ఫరవాలేదు? వ్యసనం అయిందని ఎలా తెలుస్తుంది?

ఒక ప్రయాణం పూర్తి కావడానికి సుమారు గంట పడుతుంది. అధ్యాయం మధ్యలో కరెంటు తీసినట్టు ఆపమంటే జట్టులో మిగతా ముగ్గురూ ఇబ్బంది పడతారు, అందుకే ఇంట్లో గొడవ అవుతుంది. గంటలు లెక్కపెట్టే బదులు "ఆదివారం ఒక ప్రయాణం" అని ముందే ఒప్పందం చేసుకుంటే ఆ గొడవ ఉండదు. వ్యసనం సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం సాధారణంగా 12 నెలలపాటు కొనసాగితే దానిని రుగ్మతగా పరిగణిస్తారు. సెలవుల్లో రెండు రోజులు ఎక్కువ ఆడినంత మాత్రాన అది రోగం కాదు. నిజంగా ఆందోళన ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

## చాలాకాలం ఆడాక

ఇది అయిపోయింది. ఇలాంటివే ఇంకేం ఉన్నాయి?

మొదటి భాగాన్ని తయారుచేసిన టర్టిల్ రాక్ సంస్థే 2021లో బ్యాక్ 4 బ్లడ్ తీసుకొచ్చింది. అందులో కార్డులతో మన మనిషిని మార్చుకుంటూ పోవచ్చు గాని, సిస్టమ్ బలంగా ఉండాలి. 2019లో వచ్చిన వరల్డ్ వార్ జడ్ ఆటలో జనం ఒకరి మీద ఒకరు ఎక్కి గోడల మీదికి చీమల్లా పాకడం చూసి తీరాలి. కొత్త ఆట కొనేముందు ఈ ఆటలోనే అభిమానులు తయారుచేసిన ప్రయాణాలు స్టీమ్ వర్క్‌షాప్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటిని ప్రయత్నించండి.

మా జట్టులో ముగ్గురు ఇంజినీరింగ్‌కు వేరే ఊళ్లు వెళ్లిపోయారు. ఇక ఆపేయడమేనా?

ముగ్గురికీ లాప్‌టాప్‌లు, ఓ మోస్తరు నెట్ ఉంటే ఒకరి సిస్టమ్ మీద ఆట తెరిచి మిగతావాళ్లను పిలుచుకోవచ్చు. హాస్టల్ నెట్‌లో లాగ్ కొట్టడం మామూలే కాబట్టి, ఎవరి దగ్గర బ్రాడ్‌బ్యాండ్ బాగుంటే వాళ్లే తెరవాలి. కుదరకపోతే సంక్రాంతికి అందరూ ఊళ్లోనే ఉంటారు. కనుమ మర్నాడు పొద్దున పదింటికి మా సెంటర్ తెరుస్తాం, కానీ ఆ వారం నాలుగు సిస్టమ్‌లు పక్కపక్కన కావాలంటే రెండు రోజుల ముందు చెప్పాలి.